ఏ జోడైనా సరిపోయే పాదం

"గిది గూడ మంచిగనే ఉన్నది సాబ్," అన్నాడు దశరథం. కొత్త బూట్లతో కొట్టు గడప దాకా నడిచి, మళ్లీ వచ్చి బల్ల మీద కూర్చుని, ఇందాక విప్పి పక్కన పెట్టిన జోళ్ల గురించి అన్న మాటే ఇప్పుడూ అన్నాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ అతని భార్య సక్కుబాయి మూడు జోళ్లనూ చూస్తూనే ఉంది. మొదటి జోడు పొట్టిది, లోపల వేళ్లు ముడుచుకుపోయి గుడ్డ పైకి ఉబ్బింది. రెండోది మరీ వదులు, నడుస్తుంటే మడమ లేచి లేచి పడింది. ఈ మూడోది ఇరుకు, చిటికెనవేలి దగ్గర కుట్టు ఇప్పుడో ఇంకాసేపటికో పిగిలేలా ఉంది. పొట్టిదీ మంచిగనే ఉంది, వదులుదీ మంచిగనే ఉంది, ఇరుకుదీ మంచిగనే ఉంది. కొట్టు యజమాని రహమాన్ సాబ్ గోరింటాకు పెట్టిన గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "నసీబ్ అంటే నీదే బిడ్డా. ఏ జోడైనా సరిపోయే పాదం అల్లా అందరికియ్యడు." దశరథం కూడా నవ్వాడు. సక్కుబాయికి నవ్వు రాలేదు. ఆమె చూపు ఆ నలిగిపోతున్న చిటికెనవేలి మీదే ఉంది, ఆ వేలు తనదే అయినట్టు ఆమె తన కాలివేళ్లను చీర కుచ్చిళ్ల కింద ముడుచుకుంది.

పొద్దున వేములవాడలో ఈ జిల్లా పట్నానికి బస్సెక్కినప్పుడు అతని ముఖం దేవుడి పల్లకి మోయడానికి భుజం పెట్టినవాడి ముఖంలా వెలిగింది. ఎందుకు వెలగదు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పుట్టినవాడు, నేసిన చీరల మూటలతో ఊళ్లు తిరగడం తప్ప బయటి లోకం ఎరగనివాడు, కొత్తగా పంచాయతీ సమితులు వచ్చి ఆటల పోటీలు పెడితే ఊరి పిల్లలు ఎగదోశారని ధోవతి ఎగ్గట్టి ఉరికి, సమితిలో గెలిచి, జిల్లాలో గెలిచి, ఇప్పుడు హైదరాబాదుకు పోతున్నాడు. అక్కడ బొగ్గునుసి పరిచిన బాట ఉంటుందట, ఉత్త కాళ్లతో ఉరికితే అరికాళ్లు చీరుకుపోతాయి, బూట్లు కొనుక్కొమ్మని గ్రామసేవక్ చెప్పాడు. మధ్యాహ్నం ఇక్కడి నుంచే ఆటగాళ్ల బస్సు. నేతగాళ్ల సొసైటీలో చీరలు అప్పజెప్పే పని ఉంది కనుక సక్కుబాయి వెంట వచ్చింది. లేకపోతే అత్త కమలవ్వ పంపేది కాదేమో, కాదు, పంపేదే, కమలవ్వ అటువంటి మనిషి కాదు, పొద్దున బయల్దేరేటప్పుడు కొడుకు కంటే ముందు కోడలికే జొన్నరొట్టెలు మూట కట్టి ఇచ్చింది, వాడు ఉరుకుతడు గని నువ్వు నడువాలె గదనే అన్నది. ఆ నవ్వు ముఖం, ఆ రొట్టెల మూట. ఇది బయటపడిన నాడు ఆ నవ్వు ఏమవుతుంది? సక్కుబాయి ఆ ఆలోచనను తోసేసింది. అది గడప దాకా పోయి మళ్లీ వచ్చి కూర్చుంది.

"ఊకె మంచిగున్నదంటె కాదు బిడ్డా," అంటున్నాడు రహమాన్ సాబ్, నేల మీద గొంతుక్కూర్చుని బూటు ముందుభాగాన్ని బొటనవేలితో నొక్కుతూ. "గీడ వేలికి బూటుకు నడుమ బొటనవేలంత జాగ ఉండాలె. ఉరికేటప్పుడు కాలు ముందుకు జారుతది, జాగ లేకుంటె గోర్లు నల్లగైతయి. మడమ కదలద్దు. రెండు కాళ్లు ఒక్కతీరుగ ఉండయి, పెద్ద కాలును చూసి కొనాలె. బూటు సంగతి నేను చెప్త, నీ కాలి సంగతి నీ కాలే చెప్పాలె. జర చెప్పు, గీడ ఒత్తుతుందా?"

"లే సాబ్."

"గీడ?"

"లే."

ఆయన నొక్కుతున్న చోటు ఆమెకు కనిపిస్తూనే ఉంది. అక్కడ అంత గట్టిగా నొక్కితే ఎవడైనా కాలు వెనక్కి లాక్కుంటాడు. దశరథం కాలు బల్ల కోడులా కదలకుండా ఉంది. వానాకాలంలో ఒకనాడు, నాట్లు పడ్డ పొలాల నడుమ ఇద్దరూ నడిచి వస్తున్నారు, అతను ముందు, ఆమె వెనక, అతను ఏదో చెబుతున్నాడు, ఏం చెబుతున్నాడో ఇప్పుడు గుర్తు లేదు, సిరిసిల్లలో ఎవరో కరెంటు మగ్గం పెట్టిన సంగతి కావచ్చు. బురదలో అతని ఎడమకాలి చెప్పు దిగబడిపోయింది. అతను ఆగలేదు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తగా, మాట తెగకుండా నడుచుకుంటూ పోయాడు. చెప్పు పోయిందని అతనికి తెలియలేదు. ఆమె వంగి బురదలో చెయ్యి పెట్టి చెప్పు తీసింది, నీళ్లలో కడిగింది, ఏమయ్యా అని పిలవబోయింది. చెప్పును కొంగుతో తుడుచుకుంటూ వెనకే నడిచింది. గట్టు దిగి, మళ్లీ ఎక్కి, తుమ్మచెట్ల కింద ముళ్ల మీదుగా కూడా అతను అలాగే నడిచాడు. ఇంటి ముందర కాళ్లు కడుక్కోబోయి కిందికి చూసుకుని, అరె, చెప్పేడ పడ్డది అన్నాడు. ఆమె చేతిలోని చెప్పును గడప పక్కన పెట్టి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి ఆమె చెవులు మగ్గం మీదే. లోపల వంట చేస్తున్నా ఆ చప్పుడులో ఒక అడుగు తప్పితే ఇట్టే తెలుస్తుంది. గుంటలో కాళ్ల కింది చెక్క తొక్కాల్సిన చోట అతని ఎడమకాలు పక్కకు జారుతుంది, నేతలో పోగు తప్పుతుంది, కమలవ్వ చీరను వెలుతురుకు పట్టి చూసి, ఉరుకుడు మీద మనసు పెట్టినవు కొడుకా, నేతల లేదు అంటుంది. అతను తల వంచుకుంటాడు. సక్కుబాయికి అరవాలనిపిస్తుంది, మనసు కాదత్తా, కాలు, కాలు అని.

అరిస్తే తరువాతి మాట చెప్పాలి. నీకెట్ల తెలుసు అని అడుగుతారు. ఎట్లా తెలుసునంటే ఏం చెబుతుంది? భైంసా దగ్గర మా ఊళ్లో, వాగు అవతల, జొన్నచేలు దాటినాక ఒక గుడిసె ఉండేదని చెబుతుందా? ఆ గుడిసెలో తనను కన్న అవ్వ గంగుబాయి ఉండేదని, పెద్దరోగం, కుష్టు, వచ్చిందని ఊరు వెళ్లగొడితే, బాపు అంతకుముందే చనిపోతే, మేనమామ తనను ఇంట్లో ఉంచుకుని అవ్వను వాగు దాటించాడని? రోజూ తను రొట్టె తీసుకుపోయి బండ మీద పెట్టి, వెనక్కి తిరిగి చింతతోపు దాకా నడిచాక అవ్వ గుడిసెలోంచి వచ్చి తీసుకునేది. అవ్వ చేతులకు వేడి తెలియదు, మంట మీది గిన్నెను ఉత్త చేత్తో దించేది, చిన్నప్పుడు అది అవ్వ గొప్పతనం అనుకుంది తను. ఒకసారి తెల్లారేసరికి ఎలుకలు అవ్వ కాలివేలు కొరికిపోయాయి, నాకు తెల్వనే తెల్వలే బిడ్డా అని దూరం నుంచి కేకేసి చెప్పి నవ్వింది అవ్వ, అది నవ్వే కదా, అంత దూరం నుంచి ఏడుపూ నవ్వూ ఒకలాగే కనిపిస్తాయి. కాలికి ముల్లు విరిగిందీ తెలియలేదు, పుండు పడిందీ తెలియలేదు, కొన్నాళ్లకు ఆ పాదమే లేదు. నిజామాబాద్ దిక్కు దవాఖాన ఉందని, గోళీలిస్తారని ఎవరో చెబితే, అక్కడికి పోతే అందరికీ తెలుస్తుంది, పిల్లకు పెళ్లి కాదు అన్నాడు మేనమామ. పెళ్లి చూపులకు వచ్చిన కమలవ్వ తల్లి ఏదని అడిగింది. గత్తర వచ్చి, వాంతులు భేదులై పోయింది అన్నాడు మేనమామ. సక్కుబాయి తల ఊపింది. పెళ్లినాడు అయ్యగారు అరుంధతిని చూడమని వేలెత్తి చూపిన దిక్కున, ఊరి బయట చేను గట్టు మీద, తెల్లటి ముసుగు వేసుకుని ఎవరో కూర్చుని ఉన్నారు. కనపడ్డదా బిడ్డా అన్నాడు అయ్యగారు. కనపడ్డది అన్నది తను.

తరువాత అవ్వ నిజంగానే పోయింది. మేనమామ ఊరి మనిషొకడు సంతకు వచ్చి, నూలు చుడుతున్న ఆమె పక్కన నిలబడి మెల్లగా ఆ మాట చెప్పి వెళ్లిపోయాడు. గత్తరతో ఎప్పుడో చనిపోయిన తల్లి కోసం కొత్తగా ఏడవడానికి వీల్లేదు. ముఖం ఉబ్బింది, ఏమైందే అంటే పన్ను నొప్పి అన్నది. కమలవ్వ లవంగం దంచి తన వేలితో చిగురుకు పెట్టింది, గుడ్డ కాచి దవడకు అద్దింది, దశరథం మగ్గం ఆపి వచ్చి పక్కన కూర్చుని, ఇంత నొస్తుందా సక్కూ అని తల నిమిరాడు. ఆ తల్లీకొడుకుల మధ్య కూర్చుని, లవంగం మంటకు కళ్లలో నీళ్లొస్తే ఆ నీళ్లలోనే అవ్వ కోసం ఏడ్చుకుంది. ఇటువంటి మనుషుల ముందు నిలబడి ఎట్లా చెప్పాలి? నీ ఇంటి నుంచే తెచ్చినవు అంటే? నిజంగానే తెచ్చిందా? స్నానం చేసేటప్పుడల్లా దువ్వెన పళ్లతో తన చేతులూ కాళ్లూ గుచ్చి చూసుకుంటుంది, అన్నిచోట్లా నొప్పి తెలుస్తుంది. తనకు లేనిది అతనికి తన నుంచి ఎట్లా వస్తుంది? గాలిలో వస్తుందా, రొట్టెలో వస్తుందా, రాతలో వస్తుందా? చెప్పేవాళ్లు లేరు. అడిగే ధైర్యం లేదు.

"గివి చూడు," అంటూ రహమాన్ సాబ్ పై అరలోంచి తోలు బూట్లు దించాడు. పోలీసుల పోటీల కోసం తెప్పిస్తే మిగిలిపోయిన జోడట, చాలా రోజులుగా అరలోనే పడి ఉంది, దుమ్ము తుడుస్తుంటే తోలు మెరిసింది. దశరథం కళ్లు కూడా మెరిశాయి. వాటిని తొడుక్కుని ఈసారి గడప దాటి వీధిలోకి పోయాడు, సైకిల్ రిక్షాల మధ్య నుంచి నాలుగు అంగల్లో అవతలికి ఉరికి, అంతే వేగంగా ఉరికి వచ్చాడు. అతను ఉరుకుతుంటే చూడడం ఎప్పుడూ ఆమెకు కళ్లపండుగే, నేల అతన్ని పట్టుకోలేనట్టు, పట్టుకోవాలని లేనట్టు ఉంటుంది. అతను ఊపిరి పీలుస్తూ కూర్చుని, "గివే ఖాయం సాబ్, గిసొంటివి నేనెన్నడు తొడగలే," అంటూ బూటు విప్పాడు. రహమాన్ సాబ్ పరిచిన పాత ఉర్దూ పేపరు మీద నెత్తురు చుక్కలు చుక్కలుగా పడింది.

"యా అల్లా!" ఆయన బూటులో చెయ్యి పెట్టి వెంటనే తీశాడు. లోపల మడమ దగ్గర సీల పైకి లేచి ఉంది. "సీల దిగింది బిడ్డా! ఇంత లోతుగ దిగితె ఒక్క మాటన్న అనకపోతివి!"

"ఉత్త కాళ్లతోని ఉరికెటోన్ని సాబ్. కాలు గట్టివడ్డది," అన్నాడు దశరథం.

కానీ ఆ మాట అనడానికి ముందు, నెత్తురు చూసిన ఆ క్షణంలో, అతను గాయం వైపు చూడలేదు. భార్య ముఖం వైపు చూశాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడు ముందు సాక్షి వైపు చూస్తాడు, అలా చూశాడు. సక్కుబాయి ఆ చూపును పట్టుకుంది. ఇతనికి తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తింటూ, ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే మాటను దాచుకుంటున్నాం.

ఆమె ముందుకు వచ్చి కొట్టు మధ్యలో కూర్చుంది. రహమాన్ సాబ్ తెచ్చిన చెంబెడు నీళ్లతో అతని పాదం కడిగింది, పైట చివర చింపి కట్టు కట్టింది, అతను ఎంత వెనక్కి తీసుకోబోయినా ఆ పాదాన్ని ఒళ్లోంచి దించలేదు. తరువాత బూట్ల వరసలోంచి ఒక్కొక్కటే తీసి తన చెయ్యి లోపల దూర్చడం మొదలుపెట్టింది. అడుగున తడిమింది, కుట్ల వెంబడి వేళ్లు పోనిచ్చింది, ముందుభాగంలో పిడికిలి బిగించి చూసింది. చేతులకు కొంటున్నవా బిడ్డా అని నవ్వబోయిన రహమాన్ సాబ్ ఆమె ముఖం చూసి లేచాడు. లోపలికి పోయి వెడల్పు ముందుభాగం ఉన్న తెల్ల కాన్వాసు జోడు తెచ్చాడు, మెత్తటి ఉన్ని గుడ్డను అడుగు కొలతకు కత్తిరించి లోపల పరిచాడు. ఆమె చెయ్యి పెట్టింది. ఎక్కడా ఒత్తలేదు. "గివి," అన్నది. అతని కాలికి సరిపోయే బూట్లను ఆమె చేతులే ఎంచాయి. వెళ్లేటప్పుడు ఆ ముసలాయన దశరథం భుజం మీద చెయ్యి వేసి కొంచెంసేపు అలాగే ఉంచాడు. ఆయనకు ఏం అర్థమైందో ఏమో.

ఎండలోకి వచ్చారు. సోడా బండి దాకా, బట్టల కొట్ల దాకా, పత్తి మూటలతో జమ్మికుంట దిక్కు పోయే ఎడ్లబండ్లు తప్పుకునేదాకా అతను ముందు, ఆమె వెనక నడిచారు. గోడ నీడన అతనే ఆగాడు.

"నీకు తెలుసు."

"నీకు సుత తెలుసు," అన్నది ఆమె. "ఎప్పటి సంది?"

"పోయిన జొన్న కోతల సంది. కాలు నాది గాదన్నట్టున్నది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు పోతవనుకున్న," అన్నాడు దశరథం.

ఆ మాటకు ఆమె లోపల ఇన్నేళ్లుగా కట్టుకున్నది ఏదో ఒక్కసారిగా తెగింది. పోవడమా, నిన్ను విడిచి ఎక్కడికి పోతాను, నాకు ఇది కొత్తా, నేను దీన్ని చూసి పెరిగాను, దీనితో ఎట్లా బతకాలో నాకు తెలుసు, ఈసారి వాగు అవతల గుడిసె వేయనివ్వను. ఇదంతా చెప్పాలనుకుంది. అతన్ని ఓదార్చడానికే చెప్పాలనుకుంది. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం ఇంతే. "మా అవ్వ గత్తరతోని సచ్చిపోలే. ఆమెకు గిదే. గీ పెద్దరోగమే."

అతను వెంటనే అర్థం చేసుకోలేదు. తరువాత అర్థమవుతున్న కొద్దీ ఆ ముఖం ఆమె కళ్లముందే దూరం జరిగింది, మనిషి అక్కడే నిలబడి ఉండగా.

"అయితె గిది నీ నుంచి వచ్చిందా నాకు?"

"తెల్వది," అన్నది సక్కుబాయి. అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఇన్నేళ్లు చెప్పలేదా? ఈ ఒక్క రోజు నోరు తిరగలేదు. "నాకు తెల్వది. నాకైతె లేదు, రోజు చూసుకుంట. నిజామాబాద్ దిక్కు దవాఖాన ఉన్నది, గోళీలిస్తరట, నయమైతదట. ఇప్పుడే పోదాం పా. గా పుండు మీద ఉరకకు. మా అవ్వ కాలు గట్లనే పోయింది."

"ఇయ్యాల ఉరకకపోతె ఇంకెప్పుడు ఉరుకుత?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే పట్టుకుని ఏడ్చేది, తిట్టేది, కాళ్ల మీద పడేది. అతను బూట్ల సంచి చంకన పెట్టుకుని నడిచాడు. ఆమె వెనక నడిచింది. కట్టు కట్టిన కాలు కుంటడం లేదు, చక్కగా, ఆరోగ్యంగా ఉన్నవాడి కాలిలా పడుతోంది. కుంటితే బాగుండునని, ఒక్కసారి అబ్బా అంటే బాగుండునని ఆమె మొక్కుకుంది. రాజన్నా, అతనికి నొప్పినియ్యి అని వేములవాడ దిక్కు తిరిగి మొక్కుకుంది. మొగునికి నొప్పి రావాలని మొక్కే ఆడది లోకంలో ఉంటుందా?

బస్సు దగ్గర పిల్లలు కేకలేస్తున్నారు, గ్రామసేవక్ అందరినీ తొందరపెడుతున్నాడు, దశరథం వచ్చిండు, దశరథం వచ్చిండు అని ఎవరో ఈల వేశారు. అతను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. రొట్టెల మూట ఆమె చేతిలోనే ఉంది. అందించింది. అతను తీసుకున్నాడు, వేళ్లు తగలకుండా తీసుకున్నాడు. అది తన మీద అసహ్యమో, తనకు అంటుతుందని జాగ్రత్తో ఆమెకు తెలియలేదు. ఇంజను మొదలైంది. ఇప్పుడు చెప్పాలి. బనీన్లు తొడుక్కుని ఉరుకుతారు, అంతా ఒకేచోట బట్టలు మార్చుకుంటారు. ఎండాకాలం నుంచి ఆమె ఒక సంగతి తనకు తాను కూడా చెప్పుకోలేదు. అతని వీపున, ఎడమ రెక్క కింద, అతని కంటికి ఎన్నడూ కనబడని చోట, పావలా బిళ్లంత పాలిపోయిన మచ్చ ఉంది. అతను నిద్రలో ఉండగా ఎన్నోసార్లు దాని మీద వేలు ఆనించింది, అతను కదలలేదు.

"అందరి ముందట అంగీ ఇడువకు," అన్నది కిటికీ ఊచ పట్టుకుని.

"ఎందుకు?"

ఆమె చూపు అతని ఎడమ భుజం వెనక్కి పోయింది. అతను ఆమె ముఖంలోకి చూశాడు. మెల్లగా అతని చెయ్యి లేచి, భుజం మీదుగా వీపు మీదికి పోయింది, వేళ్లు చొక్కా మీద తడుముకుంటూ వెతుకుతున్నాయి, అందడం లేదు. బస్సు కదిలింది. ఊచ పట్టుకుని ఆమె పక్కనే నడిచింది, తరువాత ఉరికింది.

"ఇంకింత కిందికి," అన్నది. "ఇంకింత ఎడమకు."

ఊచ చేతిలోంచి జారిపోయింది.